రేకు విరిగిన అచ్చు

పోయిన వారం పెద్దకోడలు మేడ మెట్లెక్కుతుండగా కథ ఆపాం. ఆమె చేతిలో ఓ కవరు ఉంది. దాని మీద పేరు లేదు, చిరునామా లేదు. పొద్దున్నే ఎవరో తలుపు కింద నుంచి లోపలికి తోసి పోయారు. కవర్లో ఒకే ఒక గ్రీటింగ్ కార్డు, దాని వెనక ఎదురు వీధి కార్డుల కొట్టు పేరు. అంతవరకైతే పెద్దకోడలు దాన్ని చించి పొయ్యిలో పడేసి తన పని చూసుకునేది. కానీ కార్డు నిండా పరిచిన పూలు, చేత్తో అచ్చులద్ది కార్డులమ్మే ఈ ఇంటివి. పాతికేళ్ళ కిందట అత్తగారు తన చేత్తో చెక్కిన అయిదు రేకుల పువ్వు, ఈ ఇంటి కార్డుల మీద తప్ప ఎక్కడా పడని పువ్వు, పరాయి కొట్టు కార్డు మీద వంకాయ రంగులో విరగబూసి ఉంది. అచ్చులన్నీ ఉండేది ఒకే బీరువాలో. ఆ బీరువా తాళంచెవి పగలు చిన్నకోడలి ఆప్రాను జేబులో ఉంటుంది, రాత్రి ఆమె దిండు కింద ఉంటుంది.

ఇక మేడ మీద ఏం జరగబోతుందో ఊహించడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. పెద్దకోడలు మాటని నోట్లో నిలవ ఉంచుకునే మనిషి కాదు.

మేడ మీది పొడుగాటి గదిలో చిన్నకోడలు కిటికీ పక్క బల్ల ముందు నిలబడి పూలద్దుతోంది. తీగల మీద క్లిప్పులు పెట్టి ఆరేసిన కార్డులు వరసలు కట్టి ఉన్నాయి. ఒక బడివాళ్ళకి వచ్చే వారానికల్లా ఎనిమిది వందల కార్డులు ఇవ్వాలి, అయింది మూడు వందల చిల్లర. మూల పీట మీద ఆమె భర్త కవర్లు మడుస్తున్నాడు. రెండో కిటికీ దగ్గర అత్తగారు పేము కుర్చీలో కూర్చుని, వణికే కుడిచేతిని శాలువాలో దాచుకుని టీ తాగుతోంది.

ఈ ఇంటి పూలద్దకానికి ఒక లెక్క ఉంది. అచ్చుకి ఒకసారి రంగు పట్టిస్తే మూడు పూలు పడాలి. మొదటిది ముదురుగా, రెండోది లేతగా, మూడోది ఉందా లేదా అన్నట్టుగా. అలా పడితేనే దగ్గరి పూల వెనక దూరంగా ఇంకా పూలున్నట్టు కనిపిస్తుంది. మధ్యలో ఆగితే రంగు ఆరిపోయి కార్డు పాడవుతుంది. అందుకని అచ్చు చేతిలో ఉన్నంతసేపూ అద్దే మనిషిని ఎవరూ పలకరించరు. పెళ్ళయి వచ్చిన పదిహేనేళ్ళుగా ఈ సంగతి పెద్దకోడలికి తెలుసు. తెలిసే సరిగ్గా రెండో పువ్వు మీద పలకరించింది.

"ఆపు!"

"ఒక్క పువ్వు, అక్కా..."

"ఆపమన్నానా!"

కార్డు గాల్లోంచి వచ్చి ఇంకు ప్యాడ్ మీద పడింది. చిన్నకోడలు చేతిలో అచ్చు ఆగిపోయింది, బడివాళ్ళ కార్డు ఒకటి చెడిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఈ బాగోతం?" అంది పెద్దకోడలు, నడుము మీద చేతులు పెట్టుకుని. "నోట్లో నాలుక లేని దానిలా తిరుగుతూ మన పువ్వు తీసుకెళ్ళి వాళ్ళ కార్డు మీద అద్దొచ్చావా? సిగ్గనిపించలేదూ?"

చిన్నకోడలు కార్డు తీసి, దానికంటిన రంగుని తడిగుడ్డతో ఒత్తింది. తన ఇంటి పువ్వుని తను గుర్తుపట్టకుండా ఉంటుందా? ఒక్కో రేకు నడుమ సన్నటి గీత, మధ్యలో ఏడు చుక్కలు, పైగా ఒక రేకు అంచున గాటు.

ఆ గాటు గురించి చెప్పాలి. పదకొండేళ్ళ కిందట ఆ అచ్చు జారి గచ్చు మీద పడింది. ఒక రేకు కొస ఎగిరిపోయింది. జారవిడిచింది పెద్దకోడలు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనరు గానీ, ఆ రోజు తర్వాత ఆమె చేతికి మళ్ళీ ఏ అచ్చూ రాలేదు. కత్తిరించడం, అంటించడం, ఆర్డర్లు రాసుకోవడం ఆమె పనులయ్యాయి. గాటు ప్రతి పువ్వులోనూ ఒకే చోట పడితే కొనేవాడి కంటికి ఇట్టే దొరుకుతుంది కదా. దానికి అత్తగారు ఒక ఉపాయం కనిపెట్టింది. ఒక్కో పువ్వు వేశాక అచ్చుని ఒక్క రేకు తిప్పి రెండోది వేయాలి. గాటు ఒకసారి పైన, ఒకసారి పక్కన, ఒకసారి కింద పడుతుంది. చూసేవాళ్ళకి అదీ ఒక అందంలాగే ఉంటుంది. ఈ తిప్పడం ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

"చూస్తున్నావుగా, గాటు," అంది పెద్దకోడలు. "ఎవడో చూసి చెక్కిన నకలు కాదు. మన అచ్చే!"

"మన అచ్చే. కాదనను."

"విన్నారా? ఒప్పుకుంది!" పెద్దకోడలు అత్తగారి వైపు తిరిగింది.

"అచ్చు మనదన్నాను. చెయ్యి నాదని అన్నానా?"

"బీరువా తాళం నీ దగ్గర. అచ్చు పట్టేది నువ్వు. చెయ్యి మాత్రం గాల్లోంచి ఊడిపడిందా?"

చిన్నకోడలు కార్డుని కిటికీ వెలుతురికి పెట్టి వరస వరసా చూసింది. ముందు గాటు ఎటు తిరిగిందో చూసింది. తిరిగింది, ప్రతి పువ్వుకీ ఒక్కో రేకు. అంటే వేసినవాళ్ళకి ఈ ఇంటి పద్ధతి తెలుసు. బయటివాళ్ళెవరో అయితే బాగుండునని అప్పటిదాకా ఆమెకి ఓ మూల ఆశ ఉండేది.

తర్వాత ముదురు పువ్వు ఎటు ఉందో చూసింది. అప్పుడు తలెత్తింది.

"అక్కా, ఇటు రా. నేను పొద్దున వేసిన కార్డు చూడు. ముదురు పువ్వు ఎడంపక్క, లేతది మధ్యలో, వెలిసింది కుడిపక్క. ఇప్పుడు వాళ్ళది చూడు. ముదురుది కుడిపక్కనుంది. అక్కణ్ణుంచి ఎడమకి వెలుస్తూ వచ్చింది."

"అయితే?"

"కుడిచేతి వాటం మనిషి ఎడమ నుంచి మొదలెడుతుంది. లేకపోతే తడిపూల మీద తన చెయ్యే రాసుకుపోతుంది. ఇది కుడి నుంచి వేశారు. అంటే ఎడమచేత్తో వేశారు."

మూల పీట దగ్గర కవరు మడిచే చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

పెద్దకోడలు పకపకా నవ్వింది. ఆ నవ్వు వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. "ఆహా, ఏం తెలివి! దొరక్కూడదని ఎడమచేత్తో వేశావన్న మాట. పైగా దాన్నే సాక్ష్యంగా చూపిస్తున్నావు!"

"నాకు ఎడమచేత్తో గీత కూడా రాదక్కా."

"వెయ్యి, చూద్దాం."

చిన్నకోడలు చిత్తుకాగితం పరిచి, అచ్చుకి రంగు పట్టించి, ఎడమచేత్తో అద్దింది. అచ్చు పక్కకి జారింది. పువ్వు ముక్కు చితికినట్టయింది. రెండోది ఇంకా అధ్వాన్నం.

"నటన కూడా నేర్చుకున్నావు," అంది పెద్దకోడలు చప్పట్లు కొట్టి. "ఏమయ్యా, నీ పెళ్ళాం సంగతి చూస్తున్నావా? నువ్వేమీ అనవేం?"

చిన్నకోడలి భర్త తల ఎత్తకుండానే, "నేనేమంటాను వదినా?" అన్నాడు. అంతే. కవరు అంచు మీద గోరుతో గీసి మడత పెట్టాడు.

ఒక్క మాట అనొచ్చు కదా. 'నా భార్య అలాంటిది కాదు' అంటే ఆయన సొమ్మేం పోతుంది? చిన్నకోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ పెద్దకోడలి ముందు ఏడవడం కంటే నాలుక కొరుక్కోవడం మేలనుకుంది, నిజంగానే కొరుక్కుంది.

"ఇక నేను చెప్పేది విను," అంది పెద్దకోడలు గొంతు తగ్గించి. ఆమె గొంతు తగ్గిస్తేనే ఎక్కువ భయపడాలి. "రేపు సాయంత్రానికి మీ బావగారు ఆర్డర్లు తీసుకుని ఊరినుంచి వస్తారు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆ తాళంచెవి నా దగ్గరుండాలి. మిగిలిన కార్డులకి పూలు ప్రెస్సులో వేయిస్తాను. ఒక్క పూటలో అయిపోతాయి. నీ పూలూ వద్దు, నీ తిప్పడాలూ వద్దు. అచ్చులు అటక మీద పడుంటాయి. నువ్వు కింద కూర్చుని కవర్లకి జిగురు పూసుకో."

చిన్నకోడలు బల్ల అంచు పట్టుకుంది. ఈ ఇంట్లో ఆమెది అనదగ్గది ఈ బల్ల ఒక్కటే. వంటింట్లో ఆమె మాట చెల్లదు, ఆర్డర్ల పుస్తకంలో ఆమె పేరుండదు, మొగుడి దగ్గర కూడా చెల్లదని ఇప్పుడే తేలింది. ఈ బల్ల ముందు నిలబడినప్పుడు మాత్రం ఇల్లంతా నోరు మూసుకుంటుంది. అది పోతే ఇక తను ఎవరు? జిగురు పూసే మనిషి, అదీ దొంగ అనిపించుకున్న మనిషి.

అప్పుడు అత్తగారు నోరు విప్పింది.

"ఇచ్చెయ్యవే తాళం," అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఇంత మాట పడ్డాక ఇంకా పట్టుకుని వేలాడటం దేనికి?"

అని టీ గ్లాసు ఎత్తింది. అంచుదాకా ఉన్న టీ. చుక్క తొణకలేదు.

చిన్నకోడలు ఆ గ్లాసు వంకే చూసింది. గ్లాసు ఎడమచేతిలో ఉంది. బొటనవేలి గోటి మూల సన్నటి గీతలా రంగు ఇరుక్కుని ఉంది. గులాబీ రంగు కాదు, ఆకుపచ్చా కాదు. ఈ ఇంట్లో ఆ రెండు రంగులు తప్ప మూడో సీసా ఉండదు. వంకాయ రంగు కాగితాన్ని మింగేస్తుంది, అది నా గడప తొక్కకూడదు అని శాసించిన మనిషి ఈ అత్తగారే. ఇప్పుడు ఆవిడ గోట్లో ఉన్నది వంకాయ రంగు.

"అత్తయ్యా," అంది చిన్నకోడలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ గ్లాసు ఇలా ఇవ్వండి."

గ్లాసు తీసుకుని కిటికీలో పెట్టింది. బల్లని కుర్చీ దగ్గరికి జరిపింది. శుభ్రమైన కార్డు ఒకటి పరిచి, రంగు పట్టించిన అచ్చుని అత్తగారికి ఎడంవైపు పెట్టింది.

"మూడు పూలు వెయ్యండి."

"నీకేమైనా మతి పోయిందా?" అంది పెద్దకోడలు. "రెండేళ్ళుగా ఆవిడ చెయ్యి వణుకుతుంటే!"

"వణికేది కుడిచెయ్యి."

గదిలో కవర్ల చప్పుడు ఈసారి పూర్తిగా ఆగిపోయింది. అత్తగారు చిన్నకోడలి కళ్ళలోకి చాలాసేపు చూసింది. తప్పు దొరికిపోయిన మనిషి చూపు కాదది. ఇన్నాళ్ళకి కళ్ళు తెరుచుకున్నాయా అన్నట్టున్న చూపు. తర్వాత శాలువా సర్దుకుని, ఎడమచెయ్యి చాచి అచ్చు అందుకుంది. కార్డు కుడి అంచు నుంచి మొదలెట్టింది. ముదురు పువ్వు. బొటనవేలితో ఒక్క రేకు తిప్పి లేతది. ఇంకో రేకు తిప్పి వెలిసింది. మూడూ కడిగిన ముత్యాల్లా పడ్డాయి. ఎదురు వీధి కొట్టు కార్డు పక్కనే ఉంది. రెండూ ఒకే చేతివని చిన్నపిల్లలైనా చెప్పగలరు.

పెద్దకోడలు స్టూలు మీద కూలబడింది. "మీరా అత్తయ్యా? మీరు... వాళ్ళకా?"

"నేనే. వాళ్ళ కొట్టు వెనక గదిలో నాకో బల్ల వేశారు. కూర్చోమన్నారు. చెయ్యి వణుకుతోంది కదా అని ఎవరూ అనలేదు. ఉన్న రెండో చేత్తో నేర్చుకో అన్నారు. ఎనిమిది నెలలు చిత్తుకాగితాల మీద కుస్తీ పట్టాను."

"ఇల్లు ముంచుతారా ఎవరైనా? సొంత ఇల్లు!"

"ముంచేది నేనా? నా పూలు తీసుకెళ్ళి ప్రెస్సులో పోస్తానన్నది ఎవరు? నా ఎదురుగా, నేను బతికుండగానే!" అత్తగారి గొంతు ఖంగుమంది. తర్వాత చిన్నకోడలి వైపు తిరిగింది. "నువ్వేం తక్కువ తిన్నావే? 'మీరు హాయిగా కూర్చోండి అత్తయ్యా, అలిసిపోయారు' అన్నావు. గుర్తుందా? ఆ కూతని నన్ను అడిగి కూశావా? తాళంచెవి నా దగ్గర్నుంచి తీసుకుని జేబులో వేసుకున్నావు. ఈ కుర్చీ తెచ్చి కిటికీ పక్కన వేశావు. రెండేళ్ళు వీధి చూస్తూ కూర్చున్నాను. దొంగ అని నిన్నంటే అంత పొడుచుకొచ్చిందే, నా బల్ల తీసుకున్నప్పుడు నాకెలా ఉండాలి?"

ఆ మాట చిన్నకోడలికి సూటిగా తగిలింది. అన్నది నిజమే. మంచికే అన్నాననుకుంది. కానీ ఆ రోజు బల్ల ముందు మొదటిసారి నిలబడినప్పుడు తనకి లోలోపల ఎంత సంతోషమేసిందో తనకి తెలుసు. ఆ సంతోషం అత్తగారు చూడలేదనుకుంది.

అయినా కోపం ఆగలేదు. "నా తప్పే. అచ్చులు జారవిడుస్తారేమోనని భయపడ్డాను."

"జారవిడిచినవాళ్ళని ఈ ఇంట్లోంచి ఎవరూ వెళ్ళగొట్టలేదుగా," అంది అత్తగారు. పెద్దకోడలు తల దించుకుంది, పదకొండేళ్ళలో మొదటిసారి.

"ఆ కోపం నా ముఖం మీద చూపించాల్సింది, అత్తయ్యా. అక్క నన్ను దొంగ అంటుంటే మీరు తాపీగా టీ తాగుతూ కూర్చున్నారు."

"అవును. చల్లారిపోతే నాకు నచ్చదు."

చిన్నకోడలు పళ్ళు బిగించింది. ఏడుపు ఎప్పుడో పోయింది. "సరే. ఇంకొక్కటి చెప్పండి. అచ్చు బీరువాలో ఉంది. తాళంచెవి నేను ఒళ్ళు విడవనివ్వను. మీ చేతికి అచ్చు ఎలా వచ్చింది?"

అడుగుతుండగానే ఆమెకి జవాబు తెలిసిపోయింది. మంగళవారం, శుక్రవారం ఈ గదిలో అద్దకం ఉండదు. ఆ రెండు రోజులూ కత్తిరించడం, అంటించడం. బీరువా తెరవాల్సిన పని లేదు. ఆ రెండు రోజులే అత్తగారు చేతికి వ్యాయామం చేయించుకోవడానికని బయటికి వెళుతుంది. బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. రాత్రి తన దిండు పక్కన ఇంకో దిండు ఉంటుంది. ఆ దిండు మీద పడుకునే మనిషి ఇప్పుడు మూల పీట మీద, ఒక మడతపడని కవరు ఒళ్ళో పెట్టుకుని, నేల చూపులు చూస్తున్నాడు.

"ఏమండీ," అంది.

అతను ఒళ్ళో కవరుని మడవబోయాడు.

"నేను నిద్రపోయాక దిండు కింద చెయ్యి పెట్టారా?"

"అమ్మ ఏడ్చిందే," అన్నాడు చివరికి. "ఆ కుర్చీలో కూర్చుని రోజూ ఏడ్చేది. నువ్వు చూడలేదు. ఎవరికీ చెప్పొద్దంది."

"ఇందాక అక్క నన్ను అన్నన్ని మాటలంటుంటే కూడా చెప్పొద్దందా?"

"ఇందాక కూడా," అంది అత్తగారు కొడుకు బదులు. "నేనే చెప్పొద్దన్నాను."

తల్లీ కొడుకుల్ని చిన్నకోడలు మార్చి మార్చి చూసింది. ఇద్దరూ కలిసి తనని నడిబజారులో నిలబెట్టారు. ఎనిమిది నెలలుగా ఒకే పళ్ళెంలో తిన్నంత దగ్గరగా ఉండి, ఒక్క ముక్క పొక్కనివ్వలేదు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద విసిరింది. అది జారుకుంటూ వెళ్ళి పెద్దకోడలి ముందు ఆగింది.

"తీసుకో అక్కా. ప్రెస్సుకే ఇచ్చుకో. మిగిలిన నాలుగు వందల పైచిలుకు కార్డులకీ నాకూ సంబంధం లేదు." ఆప్రాను ముడి విప్పింది. ఎవరి మీద ఎక్కువ కోపంగా ఉందో తనకే తెలియలేదు. నోటికొచ్చింది అనేసింది. "రేపు శుక్రవారమేగా? మీతో నేనూ వస్తాను అత్తయ్యా. ఆ కొట్టువాళ్ళనే అడుగుతాను. ఇంకో బల్ల ఖాళీ ఉందేమోనని!"

పెద్దకోడలి చెయ్యి తాళంచెవి మీదికి వెళ్ళబోయి ఆగిపోయింది. అత్తగారి ముఖంలో మాత్రం కొంచెం కూడా మార్పు రాలేదు. చల్లారిన టీ గ్లాసు ఎడమచేత్తో అందుకుంది.

"ఉంది," అంది. "నెల కిందటే చెప్పి ఉంచాను. వెలుతురు ఎడంపక్క నుంచి పడేలా కిటికీ పక్కనే వేయించాను. నీకు అలాగే కావాలిగా."

చిన్నకోడలు ఆప్రాను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మామూలుగా రమ్మంటే వచ్చేదానివా నువ్వు?" అంది అత్తగారు. "ఈ ఇంట్లో ఎవరైనా నిన్ను గట్టిగా ఒక మాటంటే గానీ ఈ బల్ల వదలవు. నాకు నీ మీద కోపం పోలేదు. నీ చేతి మీద లేదు, అంతే."

పెద్దకోడలు తను వెంట తెచ్చి నడుములో దోపుకున్న కవరు తీసి నెమ్మదిగా చూసింది. పేరు లేని కవరు. పొద్దున్నే తలుపు కింద నుంచి వచ్చిన కవరు. అంచు మీద గోరుతో గీసి, పొందిగ్గా మడిచిన కవరు. పీట చుట్టూ అలాంటివి రెండు వందలు పేర్చి ఉన్నాయి.

"ఇది బయటి నుంచి రాలేదు. ఈ పీట మీద మడిచిందే," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు మొగుడి వైపు తిరిగింది. అతను పీట మీంచి లేచి ఉన్నాడు. శుక్రవారానికి ఇంకా ఒక రోజుంది, కానీ బండి తాళంచెవి అతని చేతిలో అప్పటికే ఉంది.